ఐదో కుర్చీ

జిగురు అడుగంటకూడదు. గిన్నె అంచులకు అట్టకడుతున్న మైదాపిండిని చెక్క గరిటెతో గీకి మధ్యలోకి తోస్తూ ఆమె పొయ్యి మంట తగ్గించింది. ఉడికే కొద్దీ పిండికి తెల్లదనం పోయి గాజు మెరుపు వస్తుంది. అప్పుడే చిటికెడు మైలుతుత్తం కలపాలి. తొందరపడితే ఉండ కడుతుంది, ఆలస్యం చేస్తే కలవదు, అసలు మర్చిపోతే పురుగులు పాఠకుల కంటే శ్రద్ధగా పుస్తకాన్ని ఆసాంతం చదివేస్తాయి. ఆ చివరి మాట మేస్త్రిది. ఆయన నోట హాస్యం రావడమే అరుదు. వచ్చినవాటిలో ఇదొక్కటే చెప్పుకోదగ్గది.

గ్రంథాలయం నేలమాళిగలో ఉంటుంది బైండింగు గది. పైకప్పుకు ఆనుకుని ఒక అడ్డకిటికీ ఉంది. దాంట్లోంచి దారిన పోయేవాళ్ళ చెప్పులూ బూట్లూ కనిపిస్తాయి తప్ప మనుషులు కనిపించరు. మధ్యలో పొడవాటి బల్ల, దాని మీద కత్తులు, దబ్బనాలు, మైనం పట్టించిన దారపు ఉండలు. గోడవారన పెద్ద ఇనప ప్రెస్సు, దాని నెత్తిన చేత్తో తిప్పే చక్రం. గది నిండా పాత కాగితం వాసన, ఉడికిన పిండి వాసన. ఇన్నేళ్ళలో ఆ వాసన ఆమె చీరల్లోకి పాకింది, జుట్టులోకి పాకింది, చివరికి పేరులోకి కూడా పాకింది. పైన పనిచేసేవాళ్ళందరికీ ఆమె జిగురమ్మ. అసలు పేరేమిటని అడిగితే ఎవరైనా కాసేపు బుర్ర గోక్కోవలసిందే.

"జిగురమ్మా, తెచ్చేశా," అంటూ గుమాస్తా మెట్లు దిగాడు. చేతుల్లో గడ్డం దాకా పుస్తకాలున్నాయి. "వీటికి వెన్ను విరిగింది. మోసి మోసి నాకూ విరిగింది. ముందు ఎవరికి కుట్లేస్తారో మీ ఇష్టం."

"పుస్తకాలకే. అవి నోరు మూసుకుని కుట్టించుకుంటాయి," అంది ఆమె.

గుమాస్తా నవ్వుకుంటూ పుస్తకాలు దించి, బల్ల అవతలి కొసన కూర్చున్న మేస్త్రి వైపు చూసి "బాగున్నారా మేస్త్రిగారూ" అన్నాడు. మేస్త్రి తలెత్తకుండానే "ఊఁ" అన్నాడు. బాగుంటే ఒక ఊఁ, బాగుండకపోతే అదే ఊఁ. గుమాస్తా మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

మేస్త్రి ఆమెకు మామగారు. కాగితాల ప్రకారం ఆయన పని మానేసి చాలా కాలమైంది. అయినా పొద్దున్నే కోడలితోపాటు బయల్దేరి వస్తాడు, వద్దనే ధైర్యం పైవాళ్ళెవరికీ లేదు. రెండు కళ్ళకూ పొరలొచ్చాయి. వెలుగు చీకటి తెలుస్తాయి, మనిషి ఆకారం తెలుస్తుంది, అంతకు మించి ఏదైనా వేళ్ళే చూసిపెట్టాలి. ఆ వేళ్ళు మాత్రం ఇప్పటికీ మహా గట్టివి. కాగితాన్ని ఒక్కసారి బొటనవేలితో తడిమి, మడత ఎటు తిరుగుతుందో చెప్పేస్తాడు. నోరే అంతంతమాత్రం. కొడుకు రోడ్డు ప్రమాదంలో పోయిన తర్వాత ఆయన ఎక్కువ మాట్లాడగా విన్నవాళ్ళు లేరు. దినాలన్నీ అయ్యాక ఒక పొద్దున గుమ్మంలో నిలబడి "పద అమ్మాయ్, చేతికి పనుంటే మనసు కాస్త ఊరుకుంటుంది" అన్నాడు. అలా ఆమె ఈ గదికి వచ్చింది. చేతికి పని దొరికింది. మనసు సంగతి ఆయనా అడగలేదు, ఆమె కూడా చెప్పలేదు.

ఇంట్లో ఉండేది ఇద్దరే. భోజనాల బల్లకు మాత్రం మూడు కుర్చీలు. మూడో దాని మీద ఉతికిన బట్టలు మడతపెట్టి పేరుస్తుంటారు. అవి అల్మరాలో పెట్టేసే లోపు కొత్తవి వచ్చి పడతాయి. ఆ కుర్చీని ఖాళీగా చూడటం ఇద్దరికీ చేతకాదు.

ఆమె గుమాస్తా తెచ్చిన వాటిలో అన్నిటికంటే లావుపాటి పుస్తకాన్ని ముందుకు లాక్కుంది. పాత కాలపు వర్షపాతం లెక్కలు. ఎవరికి కావాలో ఆ వానలు! అయినా ఆమె గుండె కొంచెం వేగంగా కొట్టుకుంది. అట్ట తెరిచి, వెన్ను దగ్గరి కుట్టు మీద వేలు పెట్టి చూసింది. మేస్త్రి కుట్టే. ఆయన వయసులో ఉన్నప్పటిది.

ఆ వేగానికి కారణం చెప్పాలంటే అస్తరు గురించి చెప్పాలి. చొక్కాకు లోపల అస్తరు వేసినట్టే పుస్తకం వెన్నుకు లోపల ఒక కాగితపు పట్టీ అంటిస్తారు, వెన్ను గట్టిగా నిలబడటానికి. దానికి కొత్త కాగితం ఎవరూ తగలెయ్యరు. చేతికి దొరికిన చిత్తుకాగితం ఏదైనా సరే, కొలతకు కోసి అంటించెయ్యడమే. ఒకప్పుడు ఈ గదికి చిత్తు కింద ఒక బొమ్మల పుస్తకం అమ్ముడుపోని ప్రతులు కట్టలు కట్టలుగా వచ్చినట్టున్నాయి. కొన్నేళ్ళ కిందట ఒక పాత సంపుటం వెన్ను ఊడదీస్తుంటే, గుడ్డ కింద ఎర్రగా ఏదో కనబడింది. తడిపి, మెల్లగా లేపి చూస్తే ఒకావిడ. ఒంటి మీద ఎర్ర దుప్పటి కప్పుకుని, మేడల మీదుగా తేలిపోతోంది. ముద్రణ సరిగ్గా కుదరక ఆ ఎరుపు గీత దాటి పక్కకు ఒలికింది. నోటి దగ్గర బుడగలో అక్షరాలు: "నన్ను గాలి మోయదు. గాలిని నేనే మోస్తాను."

అంతే, ఆమె పడిపోయింది. ఈ వయసులో, ఈ జిగురు గదిలో, బొమ్మల పుస్తకానికి!

వాళ్ళ పేరు అసురసంధ్య దళం. వాళ్ళ శక్తులు పొద్దుగూకే వేళ కాసేపే పనిచేస్తాయి. మిగతా రోజంతా మనలాంటి మామూలు మనుషులే, ఉద్యోగాలు చేసుకుంటూ తిట్లు తింటూ ఉంటారు. బరువు లేని ఆవిడ దూదిపింజ. గోడల అవతలి గుసగుసలు వినేవాడు ఇనపచెవి. రెండు నీడలున్నవాడు జంటనీడ, ఒక నీడ అతనితో ఉంటుంది, రెండోది పనుల మీద తిరుగుతుంది. నాలుగోవాడు గడియారం తాత, ఆయన ఊపిరి బిగబట్టినంతసేపే కాలం ఆగుతుంది, పాపం ఆయనకు ఉబ్బసం. లోకాన్ని కాపాడే మధ్యలో ఆయన దగ్గుతాడేమోనని ఆమె ఎన్నిసార్లు హడలిపోయిందో. వీళ్ళ గురించి ఫోనులో వెతికితే ఒకే ఒక్క చోట ఎవరో, ఎప్పుడో అడిగిన ప్రశ్న దొరికింది: "అసురసంధ్య దళం ఎవరికైనా గుర్తుందా?" కింద జవాబుల్లేవు. ఆమె "నాకు తెలుసు" అని టైపు చేసి, ఏమనుకుంటారోనని చెరిపేసింది.

దొరికినవన్నీ పట్టీలే, పూర్తి పేజీ ఒక్కటీ లేదు. పైగా అస్తరు రెండు వైపులా జిగురు తింటుంది. ఒక పక్క బొమ్మను బతికించుకోవాలంటే రెండో పక్క వదులుకోవాలి. జంటనీడ తన నీడను నదిలో పోగొట్టుకున్న కథకు మొదలు దక్కించుకుంటే, వెనక ఉన్న ముగింపు ఆమె వేళ్ళ కిందే ముద్దయిపోయింది. ఆ రోజు అన్నం సయించలేదు. అలా కొంత తెలిసి, కొంత ఊహించి ఆమె ఆ నలుగురితో కాపురం చేస్తున్నట్టే ఉంటోంది.

ఆమెను వదలకుండా పట్టుకున్నది ఆ నలుగురు కాదు, వాళ్ళ గదిలోని కుర్చీలు. ఏ బొమ్మలో చూసినా గుండ్రటి బల్ల చుట్టూ ఐదు కుర్చీలుంటాయి. ఐదోది ఖాళీ. దాని గురించి ఎవరూ మాట్లాడరు. దాంట్లో ఎవరూ కూర్చోరు. ఒక పట్టీలో దూదిపింజ దాని పక్కనుంచి పోతూ వీపు మీద చెయ్యి వేసి తీస్తుంది, అంతే. ఆ బొమ్మ చూసిన రోజు ఆమె ఇంటికెళ్ళి, బట్టలు పేర్చిన మూడో కుర్చీని చూసి, వంటగదిలో కొళాయి తిప్పి ఏడ్చింది. ఐదోవాడు ఎవరో తెలియాలి. తెలిస్తే తన లోపల ఏదో ఒకటి సర్దుకుంటుందని ఆమెకు గట్టి నమ్మకం. ఎందుకని అడిగితే చెప్పడం ఆమె వల్ల కాదు.

ఆ పుస్తకాలన్నీ కట్టింది మేస్త్రి. అంటే ఆ బొమ్మలు ఆయన చేతుల మీదుగానే వెళ్ళాయి. అడిగితే పోయేదేముంది? కానీ ఆ రోజుల్లో ఆయన కొడుకు చిన్నపిల్లాడు. ఆ కాలం గురించి ఏం మాట్లాడినా మాట చివరికి ఆ పిల్లాడి దగ్గరికే చేరుతుంది. అందుకే ఆమె అడగలేదు. ఒకే బల్లకు చెరో కొసన కూర్చుని, ఇన్నేళ్ళూ ఆ ప్రశ్నను నోట్లోనే నానబెట్టుకుంది.

వెన్ను మీద తడిగుడ్డ పరిచి కాసేపు ఆగింది. పాత జిగురు మెత్తబడ్డాక మొద్దుకత్తి చొప్పించి లేపింది. పట్టీ చిరగకుండా మొత్తం వచ్చింది. కింది మూలన "సమాప్తం" అని ఉంది.

గుండ్రటి బల్ల, నలుగురూ లేచి నిలబడి ఒకే వైపు చూస్తున్నారు. గడియారం తాత కళ్ళజోడు తీసేశాడు. ఐదో కుర్చీ చేతి మీద ఒక చెయ్యి ఉంది. చెయ్యి మాత్రమే. మణికట్టు పైనుంచి గోధుమరంగు పాత జిగురు పెచ్చు కట్టి ఉంది. ఆ మనిషి దాని కింద ఉన్నాడు. తడి మీద గీకితే బొమ్మ కూడా లేచి వచ్చేస్తుంది. ఆరనిచ్చి మెల్లగా గీకాలి. మధ్యాహ్నానికి ఆరుతుంది. ఇన్నేళ్ళు ఆగినదానికి ఒక పూట లెక్కా? అలా అనుకుంటూనే, బొమ్మ లేని అంచుల్లో వేలాడుతున్న పీచును చేతి అలవాటు కొద్దీ కొలబద్ద పెట్టి తిన్నగా కోసి, పట్టీని బల్ల మధ్యలో ఆరబెట్టింది.

భోజనాల వేళ డబ్బాలు విప్పారు. ఇద్దరూ ఎప్పట్లాగే మాట లేకుండా తింటున్నారు. పట్టీ అక్కడే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది.

"మామయ్యా, ఆ ఐదో కుర్చీ ఎవరిది?"

ఆయన చెయ్యి డబ్బాలోనే ఆగిపోయింది. ఆమెకు భయం వేసింది, అనవసరంగా కదిలించానని.

"అవి నీకు ఎక్కడ దొరికాయమ్మాయ్?" అన్నాడు చివరికి.

"మీరు కట్టిన పుస్తకాల్లోనే. వెన్నుల్లో."

"ఇంకా ఉన్నాయా!" ఆయన మొహంలో ఆమె ఎప్పుడూ చూడని వెలుగొకటి వచ్చింది. "చిత్తు కింద వచ్చాయి. కాల్చెయ్యమన్నారు. నాకు చేతులు రాలేదు. బుట్టలో వేస్తే రేపటికి పోతాయి, వెన్నులో పెడితే నూరేళ్ళుంటాయి కదా అని..." గొంతు సవరించుకున్నాడు. "కోసే ముందు అన్నీ చదివేవాణ్ణి. ఇంటికెళ్ళి వాడికి చెప్పేవాణ్ణి. పడుకునేముందు. రోజుకింత."

వాడికి. ఇన్నేళ్ళ తర్వాత ఆ మాట ఆ గదిలో వినబడింది.

"చివరిది మాత్రం చెప్పలేదమ్మా. ఐదోవాడెవరు నాన్నా, ఐదోవాడెవరు అని ఒకటే ప్రాణం తీసేవాడు. చెప్పేస్తే ఇంక అయిపోతుంది కదా. రేపు చెప్తాలే అన్నా. ఆ మర్నాడూ రేపన్నా. ఈలోగా వాడికి మీసాలొచ్చాయి, అడగడం మానేశాడు. పెళ్ళయింది, నువ్వొచ్చావు. వాడికో పిల్లాడు పుడితే ఇద్దరికీ కలిపి చెబుదాం అనుకున్నా." ఆయన డబ్బా మూత కోసం బల్ల మీద తడుముకున్నాడు. ఆమె అందించింది. "వాడికి చెప్పకుండా ఇంకెవరికీ చెప్పకూడదనుకున్నా. మూర్ఖత్వం."

"నాకు చెప్పండి మామయ్యా."

ఆయన పొరలు కమ్మిన కళ్ళతో ఆమె వైపు చూశాడు.

"చెప్తా. సాయంత్రం ఇంటికి నడుస్తూ చెప్తా. ఇక్కడ కాదు."

ఆలస్యం అమృతం విషం అంటారు. ఆమెకు ఆ సామెత ఆ క్షణాన గుర్తు రాలేదు. ఒళ్ళంతా తేలికై, దూదిపింజలా మెట్లెక్కి డబ్బాలు కడగడానికి పోయింది. కొళాయి దగ్గర గుమాస్తా పట్టుకున్నాడు. వాళ్ళావిడ కొత్తగా కుట్టు నేర్చుకుని అతని చొక్కాకు రెండు ఎడమ చేతులు పెట్టిన వైనం చెబుతూ ఒక పట్టాన వదల్లేదు. ఆమె కూడా నవ్వుతూ నిలబడిపోయింది. అంత సేపు నవ్వి ఎన్నాళ్ళయిందో.

కిందికి దిగేసరికి మేస్త్రి ప్రెస్సు చక్రం బిగించి, ఆయాసపడుతూ చేతులు తుడుచుకుంటున్నాడు. పొద్దున్నుంచీ కుడుతున్న నల్ల వెన్ను పుస్తకం ప్రెస్సులోకి ఎక్కింది. బల్ల మీద పట్టీ లేదు.

"అస్తరు నువ్వే కోసిపెట్టావుగా," అన్నాడాయన. "కొలిచి కోసినట్టు సరిపోయింది."

తిన్నగా కోసి బల్ల మధ్యలో పెట్టిన కాగితం ఏ బైండరు చేతికైనా అస్తరే. కళ్ళున్నవాడైనా దాని మీద బొమ్మ చూడడు, కొలత చూస్తాడు. ఆ అంచులు కొయ్యకుండా ఉంటే ఆయన వేళ్ళకు తెలిసిపోయేది. తన చేత్తోనే కోసింది. చేతికందింది నోటికందకుండా పోవడమంటే ఇదే.

జిగురు ఇంకా పచ్చిగానే ఉంది. ఇప్పుడు ప్రెస్సు వదులు చేసి, గుడ్డ లేపి లాగితే పట్టీ వచ్చేస్తుంది. కానీ ఏమని చెప్పి లాగాలి? మామయ్యా, మీరు గుడ్డిగా అంటించేసింది మీ కథ ఆఖరి బొమ్మనే అని చెప్పాలా? రేపటినుంచి ఆయన ఈ మెట్లు దిగడు. గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఆ సంగతి ఆమెకు పగలంత స్పష్టంగా తెలుసు. బొమ్మ పోతే పోయింది, మనిషి ఉన్నాడుగా, సాయంత్రం ఆయన నోటితోనే వింటానుగా అనుకుంది.

"బాగా సరిపోయింది మామయ్యా," అంది.

ఆయన తృప్తిగా తలూపి, గోడకు చేరేసిన చెక్క కుర్చీలో వాలాడు. మధ్యాహ్నం ఒక కునుకు తియ్యడం ఆయనకు అలవాటే. కళ్ళు మూసుకున్నాక పెదాలు కాసేపు కదిలాయి. సాయంత్రానికి కథను లోపల్లోపల సర్దుకుంటున్నాడేమో అనుకుని ఆమె ముచ్చటపడింది. చప్పుడు చెయ్యకుండా దబ్బనంలో దారం ఎక్కించుకుంది. అడ్డకిటికీలో చెప్పులు వచ్చాయి, పోయాయి. ఒక పుస్తకం కుట్టడం అయింది, రెండోది మొదలైంది.

టీ తెచ్చి, "మామయ్యా" అని పిలిచింది. ఆయన పలకలేదు. భుజం మీద చెయ్యి వేసింది. తల పక్కకు ఒరిగింది.

ఆమె గ్లాసు బల్ల మీద పెట్టింది. మణికట్టు పట్టుకుని చూసింది, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. కేక వెయ్యలేదు. మెట్ల దగ్గరికి వెళ్ళి గుమాస్తాను పిలిచింది. అతను వచ్చి, చూసి, మొహం పాలిపోయి "డాక్టర్ని తీసుకొస్తానమ్మా, మీరు ఇక్కడే ఉండండి" అని పరుగెత్తాడు. జిగురమ్మా అనలేదు, అమ్మా అన్నాడు. దాంతో ఆమెకు నిజంగా తెలిసింది.

గదిలో ఇద్దరే మిగిలారు. ఆయన తెలిసీ తెలియని నవ్వుతో కూర్చుని ఉన్నాడు. ఆమె ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. "సాయంత్రం అన్నారు కదా," అంది కోపంగా. "నడుస్తూ చెప్తానన్నారు కదా." ఆయనకు అది అలవాటే. కొడుకునూ ఇలాగే రేపు రేపని తిప్పాడు.

ప్రెస్సు గుర్తొచ్చింది. లోకంలో ఐదోవాడెవరో తెలిసిన ఒకే ఒక్క మనిషి ఇప్పుడే పోయాడు. మిగిలింది ఆ ఒక్క పట్టీ. జిగురు ఇంకా పూర్తిగా ఆరి ఉండదు. డాక్టరు వచ్చేలోగా లాగెయ్యవచ్చు. ఇప్పుడు ఎవరికి సంజాయిషీ చెప్పుకోవాలి? ఆమె లేచింది. రెండు చేతులూ చక్రం మీద వేసింది. ఇనుము చల్లగా ఉంది. గోడవార కుర్చీలో ఉన్న ఆయన వైపు ఒకసారి తిరిగి చూసింది.

వాడికి చెప్పకుండా ఇంకెవరికీ చెప్పకూడదనుకున్నా, అన్నాడు. ఇప్పుడు వాడి దగ్గరికే వెళ్ళాడు. ఈపాటికి మంచం పక్కన కూర్చుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టి ఉంటాడు. ఎన్నేళ్ళుగానో ఎదురుచూస్తున్నాడు ఆ పిల్లాడు. వాడు వినకముందే తను చూసెయ్యడం ఎలా?

ఆమె చక్రాన్ని ఇంకో అరచుట్టు బిగించింది.

మెట్ల మీద అడుగుల చప్పుళ్ళు దిగుతున్నాయి. ప్రెస్సు పలకల మధ్యనుంచి పుస్తకం నల్ల వెన్ను కొంచెం బయటికి వచ్చి ఉంది. ఆయన కట్టిన పుస్తకం మీద మరక అన్నది ఇంతవరకూ ఎవరూ చూసి ఎరగరు. తుడవడానికి తడిగుడ్డ తీసుకుని దగ్గరికి వెళ్ళి, చేతిని వెనక్కి తీసుకుంది. నల్లగుడ్డ మీద, మైలుతుత్తం కలిసిన జిగురుతో పడిన ఆయన బొటనవేలి ముద్ర, లేత నీలంగా, అప్పుడప్పుడే అంచుల్లో ఆరుతోంది.